మొదటికి మోసము రానంతవరకు

మార్గశిరము వెళ్లి పుష్యము ప్రవేశించి, ఆదిలాబాదు అడవులమీదుగా గోదావరి దాటి వచ్చు చలిగాలి కరీంనగరపు వీధులలో వేకువజామున మనుష్యులను మంటలచుట్టు చేర్చు దినములలో, నేను మా పెరటి గుండుమల్లె పొదలకు నీరు మానివేయుదును. ఒకటి రెండు దినములు గాదు; నేల నెఱ్ఱెలు విచ్చి, ఆకు వడలి, పసుపుదేఱి, తనంతట తాను రాలుటకు మొదలిడువరకు, ఇంచుమించు మాసము పొడుగునను మానివేయుదును. ఆపైని కత్తెర తీసికొని కొమ్మలను మోకాలి యెత్తునకు కత్తిరించి, మిగిలిన ఆకును దూసి, మొదళ్లచుట్టు మన్ను తీసి వేళ్లకు ఎండ సోకనిత్తును. మల్లె సాగుచేయు రైతులు ఈ ఆకుదూయు పనికి గొర్రెలను తోటలోనికి తోలుదురు. నాకు మంద లేదు గనుక నా చేతులే మంద. చూచువారికి ఇది తోటపని వలెగాక కక్షసాధింపు వలె కనబడుట సహజము. ఎదురింటి కోడలు మొదటి సంవత్సరము గోడమీదుగా చూచి, "ఏంది సారూ, పచ్చటి చెట్టును గట్ల ఎండవెడ్తున్నరు, దాని ఉసురు తాకదా?" అని యడిగినది. నేను సమాధానము వెదకుకొనుచుండగా, మా వీధి చివర గంపలో పూలు పెట్టుకొని కూర్చుండు అవ్వ, ఆ దారినే పోవుచు, నిలువకయే చెప్పినది: "మల్లెకు దూప గావాలె బిడ్డా. దూప గాకుంటె ఆకే వెడ్తది, పువ్వు వెట్టది."

ఆ దూప అను ఒక్క మాటలో ఇమిడియున్న వృక్షశాస్త్రము నేను గ్రంథములలో చదివినదానికంటె తక్కువది కాదు. మల్లె, మందారము, నందివర్ధనము, పారిజాతము మొదలగునవి ఒకసారి నాటిన పదేండ్లు పదునైదేండ్లు బ్రదికి యేటేట పూచు బహువార్షికములు. వీనికి నీరు సమృద్ధిగా నున్నంతకాలము పెరుగుదలయే వ్యసనము. జగిత్యాల ప్రాంతపు మామిడితోటలలో నైతే ఈ సంగతి మఱింత స్పష్టముగా చూడవచ్చును. చలికాలమున కొమ్మ కొనయందు నిద్రించు మొగ్గ యొక్కటే. అది పూత కావలెనో చిగురు కావలెనో అప్పటి కింకను నిశ్చయము కాలేదు. రాత్రులు చల్లనై నేల పొడిగా నున్నచో అది పూత యగును. నడుమ నొక వాన పడి, గాలి వెచ్చనైనచో అదే మొగ్గ ఆకై విచ్చుకొని, రైతు సంవత్సరపు ఆశ పచ్చగా, నిగనిగలాడుచు, నిష్ప్రయోజనముగా గాలి కూగుచుండును. పూత వచ్చినపిమ్మట మొగులు పట్టినను బూడిదతెగులు, తేనెమంచు పురుగు కాచుకొనియే యుండును.

నీరు మఱల పెట్టుటకు నాకు నాగోబా జాతరయే ముహూర్తము. పుష్య బహుళ అమావాస్యనాటికి మెస్రం వంశపు గోండులు జన్నారము చేరువనున్న హస్తినమడుగు నుండి గోదావరి జలమును కలశమున నెత్తికొని, దినములకొలది కాలినడకను కేస్లాపురము చేర్చి, ఆ జలముతో నాగదేవతకు అభిషేకము చేయుదురు. ఎన్ని వాగులు, ఎన్ని చెఱువులు దారిలో నున్నను ఆ నీరే కావలెను. తెచ్చు విధమును అదే కావలెను. ఆ వార్త పత్రికలో చూచినదినమున నేను పొదలకు పెంట ఎరువు వేసి, మన్ను కప్పి, మొదటి తడి పెట్టుదును. భక్తిచేత ననుట అతిశయోక్తి. ఏదో యొక తిథికి లోబడియుండుట నావంటి సోమరికి మేలని మాత్రము చెప్పగలను. పదునైదు ఇరువది దినములకు కణుపుకణుపునను ఎఱ్ఱని చిగుళ్లు, మాఘము దాటునప్పటికి వాని కొనలయందు గింజలవంటి మొగ్గలు.

2023లో ఆ మొగ్గలు ఎన్నడును లేనంత దట్టముగా వచ్చినవి. ఆ యేడు ఉగాది మార్చి 22. రానున్నది శోభకృన్నామ సంవత్సరము. పండుగ ఇంకను వారము దినములు కూడ లేదనగా ఆకాశము నల్లబడి, మానేరు వైపునుండి గాలి లేచి, ముందు దుమ్ము, ఆవల చినుకు, ఆ వెంటనే రాళ్లు. మాకడ దీనిని చెడగొట్టువాన యందురు, పేరులోనే తీర్పున్నది. అరగంటసేపు రేకులపై వడగండ్లు పడు చప్పుడులో ఇంటిలో నొకరిమాట యొకరికి వినబడలేదు. వెలిసినపిమ్మట పెరటిలోనికి పోయి చూచితిని. మొగ్గలు, చిగుళ్లు, ఆకు అంతయు చితికి మంచుముక్కలతో కలిసి తెల్లని యూబిగా నేలపై నున్నది. పొదల స్థానమున కఱ్ఱపుల్లలు. రెండునెలల క్రితము నేను కత్తెరతో చేసిన పనినే ఆకాశము మఱల చేసినట్లున్నది, కాని నా కత్తెరకు ఒక కాలముండెను. వేపపూత కూడ రాలిపోవుటచేత ఉగాది పచ్చడికి చేదు కొఱకు ఊరంతయు వెదకవలసి వచ్చినది. శోభను కలుగజేయునని పేరుపెట్టుకొనిన సంవత్సరమునకు కొత్తకుండలో పోసిన స్వాగత మది. అవ్వ గంప బోర్లించి అరుగుమీద కూర్చుండి, "కాలం ధర్మం దప్పింది సారూ" అన్నది.

ఆ మాటను నేను లోకాభిరామాయణముగా త్రోసిపుచ్చలేకపోయితిని. కాలమునకు ధర్మ మనునది కలదా? కలదేని, అది తప్పుటకు వీలున్నదా? వేదకవులు విశ్వమునందలి క్రమమునకు ఋతమని పేరుపెట్టిరి. మనము వసంతాదులకు వాడు ఋతుశబ్దము దాని తోబుట్టువు. రెండును ఋ అను ధాతువునుండి పుట్టినవి; దాని యర్థము గతి, కదలిక. ఋతమునకు కాపరి వరుణుడు. నీటికి నధిపతియు వరుణుడే. కావలివాడే వేళదప్పి గోడదూకి వచ్చినచో మొఱ ఎవరికి పెట్టుకొనవలెనన్నది అవ్వ మాటయొక్క అసలు స్వరూపము. పూర్వులు దీనికి రాజు తప్పుచేసినచో వాన తప్పునని జవాబు చెప్పుకొనిరి. నవ్వవలసిన పని లేదు: గాలి ఒక్కొక్క డిగ్రీ వేడెక్కినకొలది నూటికి ఏడుపాళ్లు అధికముగా నీటియావిరిని మోయగలదనియు, ఆ వేడిమిలో మన పొగగొట్టముల వాటా చిన్నది కాదనియు భౌతికశాస్త్రజ్ఞులు చెప్పుచుండగా, రాజొక్కడు పోయి మనమందఱమును రాజులమైనామన్నదే భేదము.

అయినను, ఋతమనగా తప్పని తిథుల పట్టిక యని మన పెద్దలు తలచినట్లు నాకు తోచదు. బాసరలో సరస్వతి సన్నిధిని వేలకొలది పసివాండ్రకు అక్షరాభ్యాసము జరుగు వసంతపంచమి మాఘమాసములో, అనగా లెక్క ప్రకారము శిశిరఋతువులో, వచ్చును! వసంతము పుట్టకమున్నే దాని పేర పండుగ. చాంద్రసంవత్సరము 354 దినములతో ముగిసి సూర్యునికంటె పదునొకండు దినములు ముందు పరుగెత్తుచుండుటచేత, ఇంచుమించు ముప్పదిరెండు మాసముల కొకసారి అధికమాసమును చొప్పించి దానిని ఆపుదుము. రాళ్లవాన పడిన ఆ 2023లోనే శ్రావణము రెండుమార్లు వచ్చినది. రేయింబవళ్లు సమమగు విషువము మార్చి 20, 21 తేదీలయందు జరిగిపోవుచుండగా, మన మేషసంక్రమణము ఏప్రిల్ 14కు గాని రాదు. ఆ యెడము డెబ్బది రెండేండ్ల కొకదినము చొప్పున ఇంకను పెరుగుచున్నది. ఆకాశమునకును పంచాంగమునకును నడుమ నున్న ఈ తగవు నెఱిగియే, సవరించుకొనుచు, మఱల సవరించుకొనుచు, మూడువేలయేండ్లుగా వసంతము వసంతమనుచున్నవారు క్రమమును గతియందు చూచిరి గాని స్థితియందు చూడలేదు. అవ్వకు ఈ యుపన్యాస మంతయు చెప్పలేదు. చెప్పినను గంప నిండదు గదా.

పెద్దపల్లి జిల్లాలో (2016కు పూర్వ మదియు కరీంనగరము జిల్లాయే) ధూళికట్ట యను గ్రామము కలదు. అచ్చటి బౌద్ధస్తూపమునుండి బయటపడిన శిలాఫలకములలో, చుట్టలు చుట్టుకొని పడగలు విప్పిన ముచలిందనాగుని ఫలక మొకటి ప్రసిద్ధము. వినయపిటకములోని మహావగ్గమున దాని కథ యున్నది: సంబోధి కలిగిన కొలదివారములకు బుద్ధుడు ముచలిందవృక్షపు మొదట కూర్చుండియుండగా మహామేఘ మొకటి వేళగాని వేళ లేచి, ఏడుదినములు చలిగాలితో వాన కురిసెను, నాగరాజు తన నెలవునుండి వచ్చి, ఆయన శరీరమును ఏడుచుట్లు చుట్టి, శిరస్సుపై పడగ పట్టెను, ఆకాశము తేరినపిమ్మట చుట్టలు విప్పి, బాలకుని రూపమున చేతులు జోడించి నిలిచెను. ఆ మేఘమునకు పాళీభాషలో వాడిన పేరు అకాలమేఘము. మన చెడగొట్టువానకు శిష్టనామ మిచ్చిన కథ రెండువేలయేండ్లనాడే మన మానేటి సీమలో రాతి కెక్కినదని తెలిసిననాడు నాకు కలిగిన సంతోషము ఇంతింత యనరాదు.

నన్ను నిలిపినది మఱియొక విషయము. ఆ కథలో బుద్ధుడు వానను ఆపలేదు, నాగుడును ఆపలేదు. ఎవని పాపముచేత పడినదని ఎవరును విచారించలేదు. ఏడుదినముల వాన ఏడుదినములును పడినది. జరిగినదల్లా చెట్టుమొదట నున్న ప్రాణి యొకటి లేచివచ్చి మఱియొక ప్రాణిని కప్పుకొనుట. ధర్మము తప్పినదా యను ప్రశ్నకు ఇది సమాధానము కాదు. ఆ ప్రశ్నను ప్రక్కకు పెట్టి చేయదగిన పని.

ఇచ్చట నొక జాగ్రత్త చెప్పవలెను. పది మల్లెపొదల యజమానికి ఇట్టి విచారములు ముచ్చటగా నుండును. అదే వారములో మా చుట్టుపట్ల మక్కచేలు నేలకొరిగినవి, ఈనిన వరి రాలినది, గోళీలంత మామిడి పిందెలు చెట్లక్రింద చాపపఱచినట్లు పడినవి. రాష్ట్రమున 2 లక్షల ఎకరాలకు పైగా పంట పోయినది. ఉగాది మఱునాడు ముఖ్యమంత్రి నష్టపోయిన జిల్లాలు తిరిగి, మా రామడుగు మండలమునకును వచ్చి, పొలములు చూచి, ఎకరమునకు 10,000 రూపాయల సాయము ప్రకటించినారు. ఆ దినములలోనే పెద్దమనిషి యొకరు, తోట పోయిన కౌలురైతు ఎదుట, కర్మయందే అధికారము గాని ఫలమునందు కాదను గీతాబోధను వినిపించుట నేను విని సిగ్గుపడితిని. శ్రీకృష్ణు డా మాట చెప్పినది పని చేయబోవువానికి, పనికి ముందు. పంట పోగొట్టుకొనినవానికి, పోయిన తరువాత కాదు. నిష్కామత్వము తనకు తాను చెప్పుకొనదగిన మాట. ఎదుటివానికి చెప్పినప్పుడు అది వేదాంతము కాదు, అప్పులపాలైనవాని మొగముమీద తలుపు మూయుట.

కనుక నేను నా పొదల సంగతియే చెప్పుకొందును. రాళ్లవాన పడిన పదునొకండవ దినమున, చచ్చినవనుకొనిన ఆ పుల్లల మొదళ్లయందు, భూమికి బెత్తెడెత్తు లోపల, ఎఱ్ఱని చుక్కలు కనబడినవి. ప్రక్కమడిలో నేను ఆ యేడే నారుపోసిన బంతి మాత్రము లేవలేదు. అమరసింహుడు మొదలగు ప్రాచీనులు ఓషధి యను మాటకు ఫలము పండుటతోడనే ప్రాణము ముగియు మొక్క యని యర్థము చెప్పిరి. వరి, మక్క, బంతి ఈ జాతివి. వాని బ్రదుకంతయు ఒక్క ఫలముపై పందెము. బహువార్షికములకు ఆ పందెము లేదు; ఫలము వానికి ఒక సంవత్సరపు వ్యవహారము. మా బతుకమ్మ పళ్లెరములో ఏకవార్షికమైన గునుగును, ఏండ్లతరబడి బ్రదుకు తంగేడును ఒక్క వరుసలో పేర్చబడుట చూచినప్పుడెల్ల, ఈ రెండు బ్రదుకులకును నడుమ నున్న దూరము ఆడువారి చేతులలో ఎంత సులువుగా తీరిపోయినదా యనిపించును.

ఉపనిషత్తులలో ఈ రెండు బ్రదుకులకును రెండు ఉపమానములున్నవి. కఠోపనిషత్తులో నచికేతుడు మర్త్యుడు పైరువలె పండి రాలి, పైరువలెనే మఱల పుట్టునని తండ్రితో ననును. అది ఓషధినుండి తీసిన పోలిక. బృహదారణ్యకములో యాజ్ఞవల్క్యుడు చెట్టును పట్టుకొనెను. జనకుని సభలో, కొమ్ములకు బంగారము కట్టిన వేయి ఆవులకై జరిగిన ఆ మహావాదము ముగియు వేళ, తన్ను ప్రశ్నలతో వేధించిన పండితులను ఆయన తిరిగి ప్రశ్నించెను: మనుష్యుడు వనస్పతివంటివాడు, రోమములు ఆకులు, చర్మము బెరడు, నెత్తురు జిగురు, ఎముకలు చేవ, నరికిన చెట్టు వేరునుండి క్రొత్తదై మఱల లేచుచున్నది గదా, మృత్యువు నరికిన మనుష్యుడు ఏ వేరునుండి లేచును? విత్తనము నుండి యనవలదు, విత్తనము బ్రదికియున్నవానినుండి పుట్టునది. వేరుతో పెకలించిన చెట్టు మఱల లేవదన్న మెలికయు ఆయనయే పెట్టెను. సభలో ఒక్కరును నోరు విప్పలేదు. విజ్ఞానమును ఆనందమును అయిన బ్రహ్మమే ఆ మూలమని ఉపనిషత్తు తుదకు చెప్పును. చెప్పకపోయినను, ఆ సభ మౌనమే నాకు ఎక్కువ నమ్మకముగా తోచును. పెరటిలో ఎఱ్ఱని చుక్క చూపి, అదిగో ఆత్మ నిత్యమనుట సులభము; ఉపమానము ఎంత యందముగా నున్నను సాక్ష్యము కానేరదు. మల్లెకు వేరున్నదని త్రవ్వి చూచితిని. నాకున్నదని త్రవ్వి చూచినవాడను గాను.

మన తెలుగు మాత్రము ఈ విషయమున చమత్కారమైన భాష. చెట్టు అడుగుభాగమును మొదలందుము, ఆరంభమును మొదలందుము. ఏ పనియైన బొత్తిగా చెడిపోవు ప్రమాదము వచ్చినచో మొదటికే మోసము వచ్చినదందుము. యాజ్ఞవల్క్యుని మెలికను ఇంతకంటె క్లుప్తముగా చెప్పలేము. ఆ మోసము నా చేతిమీదుగానే యొకసారి జరిగినది. ఒక మాఘమాసమున మొగులు వీడక జల్లులు పడుచుండగా, చిగుళ్లు ఆలస్యమగుచున్నవను తొందరచేత నేనును నీరు పోసితిని. అన్నిటికంటె పాతదైన పొద, వేసవులను వడగండ్లను తట్టుకొనినది, మొదలు కుళ్లి, పట్టి లాగగా నల్లని వేళ్లతో తేలికగా చేతికి వచ్చినది. ఆకాశము కొమ్మలను విరుగగొట్టెను. వేరును చంపినది నా దయ.

వేరుయెడల ఇంతటి భయము కలవారు ఈ సీమలో ఒకప్పుడుండిరి. గంగాధర మండలము కురిక్యాల వద్ద బొమ్మలగుట్ట యను జైనక్షేత్రమున, పంపకవి తమ్ముడు జినవల్లభుడు పదవ శతాబ్దిలో చెక్కించిన శాసనము కలదు. తొలినాటి తెలుగు కందపద్యములు అందున్నవని సాహిత్యచరిత్రకారులు దానిని తలచుదురు. నేను దానిని మఱియొకందుకు తలచుదును. జైనుల మతమున దుంప, గడ్డ మొదలైనవి అనంతకాయములు. ఒక్క దేహమున లెక్కలేని జీవులుండును గావున నిష్ఠగలవారు కందమూలములు తినరు. ఫలమును కోసికొనవచ్చును, వేరును ముట్టరాదు. ఆ గుట్టమీది తీర్థంకరులయెదుట నిలిచి, నల్లబడిన ఆ మల్లెవేళ్లను జ్ఞాపకము చేసికొని, వారి నియమములో నేను వెనుక ననుకొనినంత చాదస్తము లేదని యొప్పుకొంటిని.

వేరును విడిచి మఱల పూవునొద్దకు వచ్చినచో, ఉట్నూరు, ఇంద్రవెల్లి, నార్నూరు అడవులలో వసంతము ఇప్పచెట్టుది. ఆకంతయు రాల్చుకొని, ఫాల్గుణచైత్రములలో రాత్రివేళ విచ్చి, తెల్లవారకమున్నే కండగల తీయని పూలను అది నేలకు విడుచును. ఆడువారును పిల్లలును చెట్టుక్రింద ఊడ్చి శుభ్రముచేసియుంచి, చీకటి విడకమున్నే పోయి ఏరుదురు. మొగులు పట్టినచో పూత తగ్గును; వాన పడినచో రాలినది బురదలో పులిసిపోవును. 1940 దశకమున మార్లవాయిలో గోండులనడుమ నివసించి, 1948లో ఆదిలాబాదు రాజగోండులనుగూర్చి గొప్ప గ్రంథము ప్రకటించిన హైమెండార్ఫు మొదలుకొని వారి జీవితమును ఎఱిగినవారందఱును చెప్పునది, క్రొత్తపంటను దేవతకు చూపక నోటబెట్టరాదను నియమము. పూవు నాది యనుటకు ముందు నాది కాదని యొకసారి చెప్పవలెను. ఆ నియమములో సుకాలమునకొక విధి, అకాలమునకొక విధి యని లేదు. గీతాబోధను వినిపించిన ఆ పెద్దమనిషి ఫలత్యాగమును మాటగా నెఱుగును. తెల్లవాఱుజామున బుట్టతో నిలిచిన ఆ యాడుబిడ్డ ఆకలితో నెఱుగును. ఈ రెండింటిలో ఏది జ్ఞానమో నేను తీర్పు చెప్పనక్కరలేదు.

ఈయేడు పుష్యములోనే రెండుమార్లు మొగులు దిగినది. సగము ఎండిన పొదలపై జల్లు పడి, కొన్ని కణుపులు తొందరపడి పచ్చబడినవి. అయినను అమావాస్యకు ముందు కత్తెరకు నూనె రాచి పనికి కూర్చుంటిని. అవ్వ వచ్చి, కత్తిరించి పడవేసిన కొమ్మలలో లావైనవి రెండు ఏరుకొని కొంగు తడిపి చుట్టుకొనుచుండెను. గుండుమల్లెకు విత్తనము కట్టదు. మా పెరటిలోనిది మా యమ్మ పుట్టింటినుండి తెచ్చిన కొమ్మ, ఆ యింటిది మఱియొకరి పెరటి కొమ్మ. విత్తనము లేక, వేరును మోయక, చేతినుండి చేతికి నడచుచున్న ఈ మొక్కకు మొద లెక్కడనో యాజ్ఞవల్క్యుడు అడుగలేదు.

"వానకాలంల తీస్కపో అవ్వా, గప్పుడైతె మంచిగ నాటుకుంటది" అంటిని.

"వానకాలం ఎప్పుడొస్తదో ఎవలకెరుక సారూ" అని, ఆ తడిమూటను గంపలో అడుగున పెట్టి, పైన నాటి పూలు కప్పుకొని, అవ్వ వీధి చివరకు నడచినది.